పాదం మీది నాడి

ఫిబ్రవరి 4

పిచ్చుకమ్మకి,

మీ అన్నయ్యను ఇంటికి తెచ్చుకున్నాం. కాలు ఉంది. మిగతాదంతా తర్వాత చదువుకుందువుగాని, ముందు ఈ మాట చూసి ఊపిరి పీల్చుకో. తీసేయాల్సి వస్తుందేమో అని నన్ను హడలగొట్టిన ఆ పెద్ద డాక్టరే నవ్వుతూ వచ్చి, "మీ మాస్టరు కాలు మీకే అప్పగిస్తున్నామమ్మా, జాగ్రత్తగా వాడుకోండి" అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను.

ఫోను చెయ్యలేదేం అని నా మీద లేస్తావు. ఫోను ఉన్నది దుకాణం గదిలో. మీ అన్నయ్య మేడ మెట్లు ఎక్కలేరని మంచం వేయించిందీ దుకాణం గదిలోనే. కుట్టుమిషన్లు గోడకి నెట్టించి, కటింగు బల్లకి ఎదురుగా వేయించాను. ఆయన సంగతి ఆయన చెవిన పడకుండా ఆ గదిలో ఎలా మాట్లాడను? ఉత్తరమైతే కొలతలు ఎత్తి రాసుకుంటున్నానని చెప్పొచ్చు. ఇప్పుడూ అదే చెప్పాను. "ఎవరి కొలతలే, అంత పొడుగున్నాయి?" అన్నారు.

జబ్బు ఏమిటో నాకు అర్థమైనంత వరకు రాస్తాను. కాలిలోకి రక్తం పారే గొట్టం పూడుకుపోయిందట. వీధి చివరిదాకా నడిస్తే పిక్క పట్టేసి ఆగిపోయేవారు చూడు, మనం వయసు అనుకున్నాం. అదీ సంగతి. వేలి మీద పుండు ఎంతకీ మానకపోయేసరికి బయటపడింది. రెండో కాలిలోంచి ఒక నరం తీసి, పూడిపోయిన చోటు తప్పించి ఈ కాలికి పక్కదారిలాగా కుట్టారట. కుట్టడమనేసరికి మీ అన్నయ్య ఊరుకుంటారా? మత్తు దిగీ దిగకముందే, "కచ్చా కుట్టా, పక్కా కుట్టా డాక్టరుగారూ?" అని అడిగారు.

వచ్చేముందు నర్సు ఆయన పాదం మీద నీలం పెన్నుతో ఒక గుర్తు పెట్టింది. అక్కడ రోజూ నాడి చూడమంది. కొట్టుకుంటున్నంత కాలం పక్కదారి తెరిచి ఉన్నట్టట. ఆగిందా, ఆ పూటే తీసుకురావాలట, ఆలస్యమైతే కాలు దక్కదట. చూపుడువేలూ నడిమివేలూ ఆనించి చూపించింది. పిచ్చుకమ్మా, నీకొక్కదానికే చెబుతున్నాను, నాకేమీ తెలియలేదు. నా ఆ రెండు వేళ్ళ సంగతి నీకు తెలుసు కదా. కాజాలు, బొత్తాలు, అంచులు, ఇన్నేళ్ళ సూదిపోట్లన్నీ వాటికే. కొసలు కొమ్ములా గట్టిపడ్డాయి, వేడి గిన్నె కూడా తెలియదు వాటికి. తెలియలేదంటే ఈవిడకి చేతకాదని ఆయన్ని అక్కడే ఉంచేస్తారేమోనని "ఆఁ, తెలిసిందమ్మా" అనేశాను.

ఇంటికొచ్చి, ఎందుకైనా మంచిదని బొటనవేలు పెట్టి చూశాను. దానికి సూదిపోటు తగలదు కదా, ఇంకా మెత్తగానే ఉంది. అమ్మయ్య! టుక్కు టుక్కుమని ఎంత స్పష్టంగా కొట్టుకుందో! ఆయన మొహంలోకి చూసి "కొట్టుకుంటోందండీ" అన్నాను. ఆ తర్వాతే అన్నం సహించింది.

ఆయన్ని మంచం దిగనివ్వడం లేదు. పళ్ళు తోమించడం దగ్గర్నుంచి అన్నీ నేనే. అంత కష్టపడి కుట్టిన కుట్లు, ఎక్కడ ఊడతాయో ఎవరికి తెలుసు.

నీ మోకాళ్ళు జాగ్రత్త. హాస్టలు మెట్లు చూసుకుని దిగు.

భయమే తిండిగా బతికే
నీ వదిన

ఫిబ్రవరి 15

మా గాభరా వదినకి,

ఉత్తరం అందింది. చదువుతూ ఎన్నిసార్లు నవ్వానో, వార్డెనుకి మతిపోయిందని హాస్టలు పిల్లలు తలుపు దగ్గర గుంపు కట్టారు. కచ్చా కుట్టట! వాడు మారడు.

కానీ వదినా, పళ్ళు కూడా నువ్వే తోమడమేమిటి? వాడికి పోయింది కాలిలో రక్తం, చేతులు కాదు. నా దగ్గర రెండొందల మంది ఆడపిల్లలున్నారు, తల్లులు ముద్ద కలిపి నోట్లో పెట్టి పంపినవాళ్ళు. జడ వేసుకోవడం కూడా రాదు. వాళ్ళని నెల తిరిగేసరికి మనుషుల్ని చేస్తాను. నువ్వేమో అరవై దాటినవాణ్ణి ఉయ్యాల్లో వేస్తున్నావు.

అన్నయ్య సంగతి నీకు పెళ్ళి నుంచే తెలుసు, నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. బడి ఎగ్గొట్టడానికి చంకలో ఉల్లిపాయ పెట్టుకుని జ్వరం తెచ్చుకున్న ఘనుడు. పక్కనుండి "అయ్యో" అనేవాళ్ళుంటే ఏడాదైనా లేవడు. ఇందులో ఒక చీటీ పెట్టాను, వాడికివ్వు. నువ్వు విప్పొద్దు. విప్పుతావని తెలుసు కాబట్టి అందులో ఉన్నది ఇక్కడే రాస్తున్నాను: "దొంగజ్వరం మహారాజా! లేచి నడువు. నొప్పి అనే మాట నీ నోట మళ్ళీ వినిపిస్తే నేనే వచ్చి బెత్తం పడతాను."

నాడి చూడటం మాత్రం మానకు. అదొక్కటే నువ్వు చేసే పనికొచ్చే పని.

నవ్వితే కోప్పడవని తెలిసి నవ్వుతున్న
పిచ్చుక

ఫిబ్రవరి 26

పిచ్చుకమ్మకి,

ఉయ్యాల్లో వేశానన్నావు. సరే. రెండు పూటలు ఆ మాటే నమిలాను. నేనేం చేసినా గోరంతలు కొండంతలు చేస్తానని మీ అన్నాచెల్లెళ్ళకి ఎప్పటినుంచో ఉంది. ఉండనీ.

ఆస్పత్రి నుంచి వ్యాయామం చేయించే అమ్మాయి వచ్చింది. చేతిలో ఒక అట్ట, దాని మీద కాగితం. "ఆయన స్నానం ఎలా చేస్తున్నారమ్మా?" అంది. "నేనే చేయిస్తున్నాను" అన్నాను. "బట్టలు?" "నేనే." "మంచం దిగడం?" "అసలు దిగనిస్తేగా!" గొప్పగానే చెప్పాను. ఆ పిల్ల కలం ఆపి, "అమ్మా, మీరు చేసేవి కాదు, ఆయన చేసేవి చెప్పండి" అంది. మీ అన్నయ్య మంచం మీంచి, "నిద్ర నేనే పోతానమ్మాయ్, అది రాసుకో" అన్నారు.

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి ఆ పిల్ల ఒక మాట చెప్పింది. కాలు నిలబెట్టడం డాక్టర్ల వంతు, ఆ కాలి మీద మనిషి నిలబడడం ఇంట్లోవాళ్ళ వంతు అంది. ఆపరేషను బాగా అయి కూడా మళ్ళీ లేవనివాళ్ళు ఎంతోమంది ఉన్నారట. అది విన్నప్పటి నుంచి నాకు గుబులు.

ఇంకొకటి. నవ్వకు. ఆ పాదం దుప్పట్లోంచి బయటికి ఉంటుంది, బరువు పడకూడదని. నేను వంట దగ్గర ఉన్నా, బొత్తాలు కుడుతున్నా, అది నన్నే చూస్తున్నట్టుంటుంది. గదిలోకి వస్తే ముందు ఆయన మొహం చూడాలి కదా, దాన్ని చూస్తున్నాను. ఇంట్లో ఇద్దరం కాదు, ముగ్గురం ఉన్నట్టుంది. ఆయన, నేను, అది. నిన్న దానికి దుప్పటి కప్పి, ఏదో తప్పు చేసినట్టనిపించి మళ్ళీ తీసేశాను.

నీ చీటీ ఇచ్చాను. చదివి పకపకా నవ్వారు. "ఏదీ, ఆ వాకరు ఇలా తోయి" అన్నారు. నేను అడ్డం పడ్డాను. "పిచ్చుక బెత్తం తెస్తుందటే, తప్పుకో" అని లేచి కటింగు బల్ల దాకా వెళ్ళారు. నేను వెనక చేతులు చాపుకుని, కాలు కాలిన పిల్లిలా. బల్ల పట్టుకుని నిలబడి, దాని మీద చెయ్యేసి నిమిరారు. తిరిగొచ్చి కూర్చునేసరికి చొక్కా తడిసిపోయింది. పెదవి కొరికిన గుర్తు ఉంది. "నొప్పా?" అంటే, "ఆ మాట ఈ ఇంట్లో నిషేధం" అన్నారు.

వెంటనే నాడి చూశాను. పిచ్చుకమ్మా, గుర్రం పరిగెత్తినట్టు కొట్టుకుంది! నడిస్తే రక్తం బాగా పారుతుంది కాబోలు. నువ్వన్నదే నిజం. పెన్ను గుర్తు స్నానానికి చెరిగిపోతోంది. అందుకని దుకాణంలో గుడ్డ మీద గీసే నీలం సుద్దతో రోజూ కొత్తగా దిద్దుతున్నాను.

అలిగి కూడా ఉత్తరం రాసే
నీ వదిన

మార్చి 9

వదినా,

అలగకు. నీ అలకలో కూడా నాడి గుర్రంలా కొట్టుకుందన్న వార్త ఉంది, నాకది చాలు. ఆ ముక్క మెస్సులో వంటామెకి కూడా చదివి వినిపించాను. "మీ వదినగారు డాక్టరు అవ్వాల్సింది" అంది.

చూశావా, నేను చెప్పలేదూ? నాడి అంత బలంగా ఉన్నప్పుడు కాలికేం జబ్బు? ఇన్నాళ్ళు పడుకున్న బద్ధకం అది. పెదవి కొరకడం కూడా వాడి నాటకమే. ఉల్లిపాయ రోజుల్లోనూ కొరికేవాడు.

ఆ అట్ట పట్టుకొచ్చిన అమ్మాయి మాట నాకు నచ్చింది. అన్నయ్య నిలబడాలంటే ఒకటే మందు, పని. కూర్చుని కత్తిరిస్తే గుడ్డ వంకర పోతుందని కుట్టు నేర్చుకునే కుర్రాళ్ళ చెవులు మెలిపెట్టినవాడు కదా. నాకొక కోటు కావాలి. ఇక్కడ కొండ మీద పొద్దుటిపూట ఇంకా చలిగానే ఉంటోంది. నా కొలతలు వాడికి నోటికి వచ్చు, నడుము దగ్గర మాత్రం కాస్త దయ చూపించమను. నిలబడి కత్తిరించిన కోటే నాకు పంపించు. కూర్చుని కత్తిరించిందైతే తొడిగినప్పుడే నాకు తెలిసిపోతుంది.

పాదం చూస్తోందట! దానికి కళ్ళు పెట్టింది నువ్వే. రెండు రోజులు దాని వైపు చూడకు, అదీ చూడటం మానేస్తుంది.

పిచ్చుక

మార్చి 20

పిచ్చుకమ్మకి,

కోటు మొదలుపెట్టారు. బూడిదరంగు గుడ్డ, వెచ్చనిది, పై అరలోంచి తీయించారు. మొదట ముందుభాగాలు గీశారు. ఒక చెయ్యి బల్ల మీద ఆనించి, ఇంకో చేత్తో కత్తెర. కాసేపు కత్తిరించి, కాసేపు బల్ల మీదకి వాలి కళ్ళు మూసుకుంటారు. "అలసటా?" అంటే, "లెక్క చూసుకుంటున్నాను, చెల్లెలి నడుము మామూలు లెక్కలకి లొంగదు" అంటారు.

నవ్వుతున్నారే గాని, పిచ్చుకమ్మా, ఆ నవ్వు పెదవుల మీదే ఆగిపోతోంది. మాట తగ్గించారు. వ్యాయామం అమ్మాయి సెలవు మీద వెళ్ళింది, బదులు ఎవరూ రాలేదు. ఆస్పత్రిలో చూపించుకోవాల్సిన రోజు దాటింది. వెళ్దామంటే, "నాడి కొట్టుకుంటోందన్నావు కదా, కోటయ్యాక వెళ్దాం" అన్నారు. అదీ నిజమే కదా అని నేనూ ఊరుకున్నాను.

పాదానికి చలి వేస్తోందని మేజోడు అడిగారు. ఊలుది తొడిగాను. నాడి చూసేటప్పుడు మాత్రం గుర్తు దాకా కిందికి లాగుతాను. తోలు కాస్త వన్నె మారినట్టుంది, నా సుద్ద నీలమే అంటుకుందనుకుంటాను. నా చేతికి కూడా చల్లగానే తగిలింది. కాని నాడి మాత్రం ఆగలేదు. చల్లటి తోలు కింద అది అలా కొట్టుకుంటుంటే ఒళ్ళు జలదరించింది, మూసిన తలుపు వెనక ఎవరో తడుతున్నట్టు. ఎంత భయమేస్తే అంత గట్టిగా కొట్టుకుంటోంది. నా భయం దానికి తెలుసేమో.

నువ్వు చూడొద్దన్నావని రెండు రోజులు దాని వైపు చూడకుండా పనులు చేసుకున్నాను. చూడకపోతే ఇంకా ఎక్కువ తెలుస్తోంది.

రోజూ అదే. నేను వేలు పెడతాను, ఆయన నా మొహం చూస్తారు. "కొట్టుకుంటోంది" అంటాను. "అయితే అన్నం తిను" అంటారు.

నువ్వు ఒకసారి వచ్చి వెళ్ళకూడదూ? పరీక్షలని తెలుసు. అయినా అడిగాను.

వదిన

మార్చి 27

పిచ్చుకమ్మా,

కాలు తీసేశారు. మోకాలి కింద నుంచి.

ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆయన ప్రాణానికి భయం లేదన్నారు. ముందు ఆ మాటే రాయాల్సింది, చెయ్యి అటు పోలేదు.

నీ కోటు చేతులు కత్తిరిస్తున్నారు. నేను ఎదురుగా కూర్చుని కాజాలు తీస్తున్నాను. పెద్ద కత్తెర చేయి జారింది. బల్ల కింద పడ్డ చప్పుడు రాలేదే అని తలెత్తాను. ఆయన వంగి, నేల మీద వెతుకుతున్నారు. "ఎక్కడ పడిందే?" అంటున్నారు. అది ఎక్కడా పడలేదు. ఆయన పాదంలో మొన దిగి, నిలబడి ఉంది. మేజోడులోంచి పైకి, నిటారుగా. ఆయనకి తెలియదు. వెతుకుతూనే ఉన్నారు. నేను అరిచానో లేదో గుర్తులేదు. రక్తం రాలేదు పిచ్చుకమ్మా. అంత కత్తెర దిగితే చుక్క రక్తం రాలేదు.

పక్క దుకాణం వాళ్ళు బండి మాట్లాడి తెచ్చారు. పెద్ద డాక్టరు మేజోడు తీసి చూసి, నన్ను చూశాడు. పక్కదారి మూసుకుపోయి చాలా రోజులైందన్నాడు. "రోజూ నాడి చూడమని చెప్పారు కదమ్మా?" అన్నాడు. "చూశాను" అన్నాను. "పొద్దున్న కూడా చూశాను. కొట్టుకుంది" అన్నాను. నా భుజం మీద చెయ్యి వేశాడు. తిట్టినా బాగుండేది.

నేను అబద్ధం చెప్పలేదు. నీకు తెలుసు. పొద్దున్న కొట్టుకుంది. నిన్నా కొట్టుకుంది. చచ్చిపోయిన పాదంలో నాడి ఎలా కొట్టుకుంటుంది? ఎవరినడిగినా మొహం తిప్పుకుంటున్నారు. చల్లగా ఉంది, రంగు మారింది, రక్తం లేదు, అయినా నా వేలి కింద కొట్టుకుంది. మరి ఇన్నాళ్ళూ నేను పట్టుకున్నది ఎవరి నాడి?

నాకు భయంగా ఉంది. రా.

మార్చి 28

వదినా,

ఈ ఉత్తరం అందగానే మొదట అన్నయ్యను ఆస్పత్రికి తీసుకెళ్ళు. మిగతాది దారిలో చదువు. ఫోను చేశాను, ఎంతసేపు మోగినా ఎవరూ తీయలేదు. మళ్ళీ చేస్తాను. అందుకే రాత్రికి రాత్రే వెళ్ళే టపాలో వేయిస్తున్నాను.

ఇవాళ ఇక్కడ ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోతే నర్సు వచ్చింది. ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే, నేను ఊరుకోక, "మా వదిన నీకంటే బాగా చూస్తుంది, బొటనవేలు పెడితే చాలు, గుర్రం పరిగెత్తినట్టు తెలుస్తుంది" అన్నాను. ఆ నర్సు మొహం మారిపోయింది. "బొటనవేలితో చూడకూడదమ్మా. దానికి దాని నాడే ఉంటుంది. మీ వదినగారికి తెలిసింది ఆవిడ గుండె" అంది.

నేను నమ్మలేదు. నర్సు వెళ్ళాక తలుపు వేసుకుని నా బల్ల మీద బొటనవేలు గట్టిగా ఆనించి కూర్చున్నాను. ముందేమీ లేదు. తర్వాత బల్ల కొట్టుకుంది. కిటికీ చువ్వ పట్టుకున్నాను, అదీ కొట్టుకుంది. గోడ కూడా. ఈ హాస్టలు గోడలన్నీ బతికే ఉన్నాయి వదినా.

నువ్వు "ఎంత భయమేస్తే అంత గట్టిగా కొట్టుకుంటోంది" అని రాశావు. నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను. చలి అన్నావు, మేజోడు అన్నావు, రంగు అన్నావు. అన్నీ రాశావు. నేనే నవ్వాను.

ఆ నొప్పి నాటకం కాదేమో. వాడు నొప్పి అంటే అననివ్వు. నడిపించకు. నాకు కోటు వద్దు. తీసుకెళ్ళు వదినా, ఇవాళే.

పిచ్చుక

ఏప్రిల్ 5

వదినా,

నీ ఉత్తరమూ నా ఉత్తరమూ దారిలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకుని పోయాయి. నాది నువ్వు ఇంట్లో లేనప్పుడు తలుపు కిందికి జారి ఉంటుంది. వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంకా విప్పకపోతే విప్పకు. పొయ్యిలో వేసెయ్యి. తొందరలో ఏదో రాశాను, అందులో ఏమీ లేదు.

ఎవరి నాడి అని అడిగావు. నాకు తెలియదు. అలాంటివి జరుగుతుంటాయేమో. డాక్టర్లకే తెలియనివి ఉంటాయి.

నా చీటీ అన్నయ్య దగ్గరే ఉంటే దాన్నీ చింపెయ్యి.

పరీక్షలు కాగానే బయలుదేరుతాను. నాకు రాయడం చేతకావడం లేదు.

పిచ్చుక

ఏప్రిల్ 29

పిచ్చుకమ్మకి,

పొయ్యిలో వెయ్యమన్న ఉత్తరం అందేలోపే, వెయ్యాల్సిన ఉత్తరం చదివేశాను. ఇంటికొచ్చిన రోజు తలుపు తోస్తే అది కాలికి తగిలింది. ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, వంటింట్లోకి వెళ్ళి, చదివి, వంటబల్ల మీద బొటనవేలు ఆనించాను. నువ్వు రాసినట్టే, ముందేమీ లేదు. తర్వాత కొట్టుకుంది.

ఆ రోజు నుంచి నాకు ఏదీ ముట్టుకోవడం కావడం లేదు. గుమ్మం పట్టుకుంటే గుమ్మం, గిన్నె పట్టుకుంటే గిన్నె. బొత్తాం కుడదామని గుడ్డ పట్టుకుంటే గుడ్డలో ప్రాణం. ఆ పాదం ఇంట్లోంచి పోలేదు, ఇల్లంతా అయిపోయింది. బొటనవేలికి గుడ్డపీలిక చుట్టుకుని తిరుగుతున్నాను. తెగిందని చెప్పాను.

ఇక మీ అన్నయ్య సంగతి. నువ్వు నమ్మవు. ఆస్పత్రిలోనే చంక కర్రల మీద నిలబడ్డారు. ఇంటికొచ్చాక నన్ను దగ్గరికి రానివ్వడం లేదు. స్నానాలగదిలో ముక్కాలిపీట వేయించుకుని, లోపల గొళ్ళెం పెట్టుకుంటున్నారు. వ్యాయామం అమ్మాయి సెలవు నుంచి వచ్చింది, అదే అట్ట. ఈసారి నన్నడగలేదు, ఆయన్నే అడిగింది. "స్నానం?" "నేనే." "బట్టలు?" "నేనే. కుట్టేదీ నేనే, వేసుకునేదీ నేనే." "మెట్లు?" "కూర్చుని ఒక్కొక్కటీ జరుగుతాను. చూడ్డానికి బాగుండదు, కానీ నేనే." ఆ పిల్ల రాసుకుని రాసుకుని, "మాస్టారూ, కాలున్నప్పటికంటే ఇప్పుడే నయం మీరు" అంది. ఆయన నవ్వారు. నేను గోడవారగా నిలబడి విన్నాను. ఉన్న కాలితో పడుకున్న మనిషి, లేని కాలితో లేచారు. సంతోషించాలి కదా. నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ పిల్ల వెళ్ళాక, "ఆ వేలు ఇంకా మానలేదేమే? ఏదీ, విప్పు" అన్నారు. విప్పనన్నాను. ఆయనే విప్పారు. గీత కూడా లేదు. నా మొహంలోకి చూశారు. నాకింక దాచడం చేతకాలేదు. నీ ఉత్తరం తెచ్చి చేతిలో పెట్టాను.

రెండుసార్లు చదివారు. మడిచారు.

"నాకు తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"వేలి సంగతి తెలియదు. కాలు పోయిన సంగతి తెలుసు. నువ్వు వేలు పెట్టేదానివి, పెట్టినట్టు నాకు తెలిసేది కాదు. నువ్వు తల వంచితే, ఓహో, ఇప్పుడు పెట్టింది కాబోలు అనుకునేవాణ్ణి."

"మరి చెప్పలేదేమండీ?"

"ఎలా చెప్పనే? నువ్వు తలెత్తి 'కొట్టుకుంటోందండీ' అన్నప్పుడు నీ మొహం చూడాలి. ఆ మాట అన్నాకే ముద్ద నోట్లో పెట్టుకునేదానివి. చల్లబడిపోయింది అంటే తింటావా? ఒక్కోసారి నేను కూడా నమ్మాను. అంత గట్టిగా చెబుతోంది, ఉందేమోలే అనుకున్నాను."

నేను ఏడ్చాను. "ఏడవకే పిచ్చిదానా, ఒక కాలికి ఇంత మంది ఏడవకూడదు. అక్కడ పిచ్చుక కూడా ఏడుస్తూ ఉంటుంది" అన్నారు. నీ చీటీ ఆయన తలగడ కిందే ఉంది. చింపనివ్వలేదు. నవ్వొచ్చినప్పుడు చదువుకుంటారట. నువ్వు వచ్చాక ఆ విషయం ఆయన దగ్గర ఎత్తకు.

ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పకు.

ఆయనకి లేని పాదం నొప్పి పెడుతోంది. డాక్టరుని అడిగితే అలా ఉంటుందన్నాడు, మందిచ్చాడు. మందు మొత్తం నొప్పిని తియ్యడం లేదు. పొద్దున్నే వస్తుంది, లేవకముందు. ఉన్నప్పుడు ఏమీ తెలియని పాదం, పోయాక తెలుస్తోంది. వేళ్ళు ముడుచుకుపోతున్నట్టు, ఎవరో మెలిపెడుతున్నట్టు. పళ్ళు బిగించి పడుకుంటారు. ఈసారి నొప్పి అని పైకే అంటున్నారు. అదొక్కటి మేలు.

మొన్న అలా బిగుసుకుపోయి ఉన్నప్పుడు, "ఒకసారి చూడవే" అన్నారు.

"ఏం చూడను?"

"రోజూ చూసేదే."

పాదం ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా ఉంది. ఆయన కళ్ళతో చోటు చూపించారు. అక్కడ, ఇంకొంచెం ఇటు, ఆఁ, అక్కడే. నేను మంచం పక్కన కూర్చుని, పరుపు మీద బొటనవేలు ఆనించాను. గట్టిగా. కాసేపు ఏమీ లేదు. తర్వాత వచ్చింది. ఎవరిదో నాకు తెలుసు. ఆయనకీ తెలుసు. ఉత్తరం ఇద్దరమూ చదివాం. అయినా ఆయన నా మొహమే చూస్తున్నారు.

"కొట్టుకుంటోందా?" అన్నారు.

"కొట్టుకుంటోంది" అన్నాను.

చేతి పిడికిలి వదిలారు. పెదవి వదిలారు. నుదుటి మీద చెమట ఆరేదాకా నేను వేలు తియ్యలేదు. "ఊఁ, పోయింది" అన్నారు. కర్రలు అందుకుని, నా వైపు చెయ్యి చాపకుండా, తనంతట తానే లేచి బల్ల దగ్గరికి వెళ్ళారు.

అప్పటి నుంచి రోజూ ఇదే. ఆయన అడుగుతారు, నేను చెబుతాను, ఆయన లేస్తారు. నువ్వు వచ్చినప్పుడు పొద్దున్నే ఆ గదిలోకి రాకు, తలుపు బయటే కాసేపు ఆగు.

వదిన